వాణియాల చెట్టు

సూరత్ నగరంలో లింబాయత్ అనే పేట ఉంది. ఆ గల్లీల్లో నడుస్తుంటే గుజరాతీ, మరాఠీలతో పాటు నల్లగొండ తెలుగూ, కరీంనగర్ తెలుగూ చెవిన పడతాయి. సాంచెల, అంటే మరమగ్గాల పని కోసం తెలంగాణ నుంచి వలస వెళ్లి తరాలుగా అక్కడే స్థిరపడ్డ పద్మశాలీ కుటుంబాలవి. మా చిన్నమ్మ కొడుకు ఇల్లు కూడా అక్కడే. నేను వెళ్లింది జ్యేష్ఠమాసం, పున్నమి ముందురోజు.

"రేపు పున్నం గద బావా. మనూర్ల ఏరువాక, ఈడ వట్‌సావిత్రి. ఇక్కడి ఆడోళ్లందరు మర్రికి దారం చుట్టి మొక్కుతరు. పొద్దుగాల లేస్తె చూపెడత" అంది మా మరదలు.

నేను ఈ ప్రయాణం పెట్టుకున్నదే మర్రిచెట్టు కోసం. ఇంగ్లీషువాళ్లు దాన్ని 'బన్యన్' అంటారు. మన పిల్లలూ బడిలో ఆ పేరే నేర్చుకుంటారు. ఆ పేరు పుట్టడానికి కారణమైన మనుషులు గుజరాత్ రేవుల్లోంచి ఓడలెక్కి వెళ్లినవాళ్లు. ఆ రేవులనూ, ఆ ఒడ్డున ఉన్న మర్రులనూ చూడాలని చాలాకాలంగా కోరిక. పున్నమినాడే అక్కడ ఉండటం మాత్రం అనుకోకుండా కలిసొచ్చింది.

పొద్దున్నే వెళ్లేసరికి వీధి మలుపులో ఉన్న మర్రి మొదలు కనిపించడం లేదు. పట్టుచీరలు కట్టుకున్న ఆడవాళ్లు చేతిలో నూలు ఉండతో దాని చుట్టూ తిరుగుతున్నారు. పసుపు, కుంకుమ, మామిడిపండ్లు, చిన్న ఇత్తడి చెంబుతో నీళ్లు. ఒకరు చుట్టిన దారం మీద మరొకరి దారం పడి, నడుమెత్తున తెల్లటి పట్టీలా పేరుకుంది. సావిత్రి తన భర్త ప్రాణాలను యముడి దగ్గర తిరిగి సంపాదించింది మర్రి నీడలోనేనని వాళ్ల నమ్మకం. ఈ ఊరు బతికేది సింథటిక్ గుడ్డ మీద, పాలియెస్టర్ పోగు మీద. అయినా ఆ పొద్దున మర్రికి చుట్టింది మాత్రం పచ్చి నూలు. మా మరదలు కూడా ఓ ఉండ తెచ్చుకుంది. మా పల్లెలో ఈ వ్రతం లేదు. అయినా చుట్టింది. "పద్మశాలోళ్లం గద, మర్రి మనకు పరాయిదా" అంది.

ఆ మాటకు లోతుంది. పద్మశాలీలు తమ మూలపురుషుడిగా చెప్పుకునేది మార్కండేయుణ్ణి. లోకమంతా నీట మునిగిపోయిన ప్రళయవేళ, ఒక్క మర్రిచెట్టూ దాని కొమ్మ మీద పసిబాలుడూ మిగలడం చూసిన ఋషి ఆయనే. మర్రాకు మీద పడుకున్న వటపత్రశాయి మన తెలుగిళ్లలో జోలపాటల్లోకి ఎప్పుడో చేరిపోయాడు. నేతపని వాళ్లు ఎక్కడ స్థిరపడినా మార్కండేయుడి గుడి కట్టుకుంటారు, ఆయన కథతో పాటు మర్రి కథా వాళ్ల వెంట వెళుతుంది.

ఇదే సూరత్‌కు 1623లో పియెత్రో దెల్లా వల్లే అనే ఇటలీ యాత్రికుడు వచ్చాడు. ఊరి బయట ఓ పెద్దచెట్టును చూసి వివరంగా రాసిపెట్టాడు. చెట్టు మొదలు మీద గుండ్రంగా ముఖంలాంటి గుర్తు చెక్కి, దానికి రంగు పూసి, పార్వతిగా కొలుస్తున్నారని రాశాడు. నాకు అంతకంటే విలువైనదిగా తోచింది మరో వాక్యం. ఇలాంటి చెట్టునే పారసీక తీరంలో, హొర్ముజ్ దగ్గర చూశాననీ, అక్కడివాళ్లు దాన్ని 'లుల్' అంటారనీ, ఇక్కడివాళ్లు 'బేర్' అంటారనీ చెప్పాడు. బేర్ అని ఆయన చెవికి వినిపించింది బహుశా 'బడ్' కావచ్చు, సంస్కృతం 'వట' ఉత్తరాది నాలుకల మీద తిరిగి తిరిగి అలా అయింది. గుజరాతీలో 'వడ్'. అంటే ఈ చెట్టుకు ఒడ్డు ఒడ్డుకూ సొంత పేరు ఉందని ఆయనకు అప్పటికే తెలుసు. అయినా యూరప్‌లో నిలబడింది ఆ రెండు పేర్లలో ఏదీ కాదు. మూడోది.

1622లో పారసీక రాజు షా అబ్బాస్ సేనలు ఇంగ్లీషు ఓడల సాయంతో హొర్ముజ్ దీవిని పోర్చుగీసువాళ్ల నుంచి గెలుచుకున్నాయి. దీవి మీద జరిగే వ్యాపారం ఎదుటి ఒడ్డున ఉన్న గొంబ్రూన్ రేవుకు తరలింది. ఆ రేవుకే షా పేరు పెట్టి బందర్ అబ్బాస్ అన్నారు. ఇంగ్లీషు, డచ్చి కంపెనీలు అక్కడ కొట్లు పెట్టాయి. అయితే వాళ్లకు ముందు నుంచే ఆ సముద్రం మీద వ్యాపారం చేస్తున్నవాళ్లు ఉన్నారు. వాళ్లు గుజరాతీ వర్తకులు. గుజరాతీలో వర్తకుణ్ణి 'వాణియో' అంటారు, బహువచనంలో 'వాణియా'. అరబ్బుల నోట అది 'బన్యాన్' అయింది, పోర్చుగీసువాళ్ల ద్వారా ఇంగ్లీషువాళ్లకు చేరింది. ఆ వర్తకులు గొంబ్రూన్ బయట ఓ పెద్ద మర్రి కింద చిన్న గుడి కట్టుకున్నారు. పరాయి దేశంలో, ఎండకు మాడిపోయే తీరంలో, సొంత ఊరి చెట్టు కనిపిస్తే అక్కడే దేవుణ్ణి నిలుపుకోవడం ఎంత సహజం! ఓడ దిగిన ప్రతి యూరోపియన్‌కూ ఆ నీడ కనిపించేది, ఆ నీడలో తలపాగాలతో కూర్చున్న వాణియాలు కనిపించేవారు. వాళ్లు దాన్ని 'వాణియాల చెట్టు' అన్నారు. 1886లో 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువు కూర్చిన యూల్, బర్నెల్‌లు ఈ పేరు పుట్టుకను ఆ గొంబ్రూన్ చెట్టు దగ్గరికే తీసుకెళ్లారు.

మొదట్లో అది ఒక్క చెట్టు పేరే. కొన్నేళ్లు గడిచేసరికి ఆ జాతి చెట్లన్నిటికీ అదే పేరైపోయింది.

పారసీకులు ఇప్పుడు మర్రిని 'అంజీరె మఆబెద్' అంటారు, గుళ్ల అంజూరం అని అర్థం. బందర్ అబ్బాస్‌లో 1892లో భారతీయ వర్తకులు కట్టిన హిందూ దేవాలయం ఈనాటికీ నిలిచి ఉంది. ఇంగ్లీషువాళ్లు చెట్టు కింది మనుషుల్ని చూసి పేరు పెడితే, పారసీకులు గుడిని చూసి పెట్టారు.

అప్పటి సముద్రయానంలో మన వాటా కూడా ఉంది. పదిహేడో శతాబ్దంలో గోల్కొండ రాజ్యానికి పెద్ద రేవు మచిలీపట్నం. అక్కడి నుంచి బందర్ అబ్బాస్‌కు ఓడలు నడిచేవి, మన కలంకారీ గుడ్డలు పారసీక దేశానికి వెళ్లేవి. ఆ సరుకుతో వెళ్లిన తెలుగు సరంగులు ఎవరైనా గొంబ్రూన్ ఒడ్డున దిగి ఆ చెట్టును చూసి ఉంటే 'మర్రి' అనే అనుంటారు. ఆ మాటను రాసిపెట్టుకునే యాత్రికుడు పక్కన లేకపోయాడు. పేర్లు నిలవడంలో ఎవరు పలికారన్నదాని కంటే ఎవరు రాశారన్నదే ఎక్కువ పని చేస్తుందని నాకు ఈ ప్రయాణమంతా అనిపిస్తూనే ఉంది.

వాణియాల పేరు చెట్టుతోనే ఆగలేదు. వాళ్లు మాంసం ముట్టరు గనుక, ఇంగ్లీషు నౌకాదళంలో మాంసం పెట్టని రోజులను బన్యన్ రోజులన్నారు. యూరప్‌లో మగవాళ్లు ఇంటి దగ్గర వేసుకునే వదులైన అంగీకి కూడా బన్యన్ అని పేరు వచ్చింది. వాటిలో కొన్నింటిని కోరమాండల్ తీరపు అద్దకం గుడ్డతోనే కుట్టారు. ఆ మాటే చివరకు చొక్కా లోపల తొడుక్కునే బనియన్‌గా మన ఇంటికి తిరిగొచ్చింది. మా తమ్ముడికి ఈ సంగతి చెబితే సాంచె ఆపి మరీ విన్నాడు. "అంటే అన్నా, నేను ఒంటి మీద ఏసుకున్నది, గల్లీ మూలకున్న చెట్టు, ఒక్క పేరేనా?" అన్నాడు. ఒక్క పేరే. ఇంకా చెప్పాలంటే, సంస్కృతంలో 'వణిజ్' నుంచి గుజరాతీకి వాణియో వచ్చాడు, తెలుగుకు వాణిజ్యం వచ్చింది. తమ్ముడు గుడ్డ అమ్మితే చేసేది కూడా ఆ పనే.

మన పేర్లు వేరే దారిలో నడిచాయి. సంస్కృతంలో 'న్యగ్రోధం' అంటే కిందికి పెరిగేది. అమరకోశం ఇచ్చిన మరో పేరు 'బహుపాత్తు', చాలా పాదాలున్నది. ఈ పేర్లు పెట్టినవాళ్లు చెట్టు ముందు నిలబడి, అది చేసే పనిని తీరిగ్గా చూశారు. తక్కిన చెట్ల వేళ్లు మట్టిలో మొదలవుతాయి. మర్రికి కొమ్మ నుంచి వేరు దిగుతుంది, దానికి తెలుగులో 'ఊడ' అని ప్రత్యేకంగా మాటే ఉంది. ఈ చెట్టు పుట్టుక కూడా తరచూ పైనే. పిట్ట రెట్టలో పడిన గింజ తాటి మట్టల సందులోనో, పాత గోడ నెర్రెలోనో మొలకెత్తి కిందికి వేళ్లు వదులుతుంది. తెలంగాణ చెరువుగట్ల మీద తాటిచెట్టును నిలువునా కౌగిలించుకున్న మర్రిని చూడని వాళ్లు తక్కువ. 1753లో లిన్నేయస్ శాస్త్రీయ నామం ఇచ్చేటప్పుడు దీన్ని బెంగాల్ అంజూరం అన్నాడు. దేశమంతా పరుచుకున్న చెట్టుకు ఒక్క ప్రాంతం పేరు ఇరుకే. నాకు న్యగ్రోధమే ఎక్కువ ఇష్టం. అలాగని బన్యన్ అనే మాటను తక్కువ చేయలేను, సముద్రం దాటి వెళ్లిన మనుషుల జాడ అందులో ఉంది.

సూరత్ నుంచి భరూచ్‌కు రైల్లో వెళ్లాను. నర్మద మీద రైలు నెమ్మదించినప్పుడు పక్కనే 1881 నాటి గోల్డెన్ బ్రిడ్జి కనిపిస్తుంది. స్టేషను బయట ఉప్పు పల్లీల దుకాణాలు. భరూచ్ పల్లీకి గుజరాత్ అంతటా పేరుంది, గింజ లావుగా, పైన పలచటి ఉప్పు పొరతో ఉంటుంది. రెండువేల ఏళ్ల కిందట గ్రీకు నావికులు బారిగాజా అని పిలిచిన రేవు ఇదే, మన గ్రంథాల్లో భృగుకచ్ఛం. ఊరికి ఎగువన, శుక్లతీర్థం దగ్గర, నది నడుమ ఓ లంక ఉంది. ఆ లంకను ఆక్రమించుకున్న మర్రి పేరు కబీర్‌వడ్.

రేవులో పడవ నిండేదాకా కూర్చున్నాం. ఎదుట పసుపు రంగు నీళ్లు, అవతల చిన్న అడవిలా ఆకుపచ్చ. అది అడవి కాదు, ఒకే చెట్టు అని తెలిసి చూసినా కళ్లు ఒప్పుకోవు. నాతో పాటు పడవలో ఓ కుటుంబం కూర్చుంది, ముసలమ్మ చేతిలో నూలు ఉండ ఉంది. పున్నమి వెళ్లిపోయింది కదా అని అడిగితే, నిన్న ఒంట్లో బాగాలేక రాలేకపోయానని, చెట్టు ఏమీ అనుకోదని చెప్పింది.

స్థలపురాణం ఇలా చెబుతారు. శుక్లతీర్థంలో జీవా, తత్వా అనే అన్నదమ్ములు ఉండేవారు. నిజమైన గురువు కోసం వెతుకుతూ, ఓ ఎండు మర్రికొమ్మను నేలలో పాతి, వచ్చిన ప్రతి సాధువు కాళ్లు కడిగిన నీళ్లు దానికి పోసేవారు. ఎవరి పాదాల నీటితో ఆ కొమ్మ చిగురిస్తే ఆయనే గురువు. కబీరు వచ్చాడు, కొమ్మ చిగురించింది. ఊడల మధ్య కబీరు గుడి ఉంది, ఆ ముసలమ్మ తన దారం అక్కడే చుట్టింది.

ఈ కథ వింటుంటే మన తిమ్మమ్మ మర్రిమాను గుర్తుకు రాక మానదు. కదిరి నుంచి గూటిబయలు వెళ్లే దారిలో, ఇప్పటి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న ఆ చెట్టు దాదాపు అయిదెకరాల మేర పరుచుకుంది. 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. 1434లో తిమ్మమ్మ సహగమనం చేసిన చోట, చితికి నాటిన గుంజ చిగురించి ఈ మాను అయిందని అక్కడివాళ్లు చెబుతారు. బతికున్న ఆడమనిషిని మంటల్లోకి పంపిన ఆ ఆచారాన్ని తలచుకుంటే మనసు నొచ్చుకుంటుంది, అయినా ఆ నీడలో ఆమె పేరు చెప్పి దణ్ణం పెట్టే తల్లుల భక్తిని కాదనలేను. అక్కడ చితి గుంజ, ఇక్కడ ఎండుకొమ్మ. రెండు కథలూ ఒకే సంగతి మీద నిలబడ్డాయి. మర్రికొమ్మను నరికి నేలలో పాతితే వేళ్లు తొడుగుతుంది. బాటల పక్కన మర్రులు నాటినవాళ్లు గింజ కోసం ఎదురుచూడలేదు, మనిషంత కొమ్మలు తెచ్చి పాతారు. దడికి నాటిన గుంజ మానై కూర్చోవడం పల్లెల్లో ఎవరో ఒకరు చూసే ఉంటారు. ఈ మహిమల వెనక రైతు కళ్లారా చూసిన అనుభవం ఉందని నా నమ్మకం.

కబీర్‌వడ్ గురించి బయటి ప్రపంచానికి విపులంగా చెప్పినవాడు ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి జేమ్స్ ఫోర్బ్స్. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో ఈ ప్రాంతంలో పనిచేసి, 1813లో తన జ్ఞాపకాలను అచ్చు వేయించాడు. అప్పటికే వరదలు చెట్టులో చాలా భాగాన్ని కొట్టుకుపోయాయట. మిగిలిన భాగమే చుట్టుకొలతలో 2,000 అడుగులకు దగ్గరగా ఉందని, పెద్ద మొదళ్లు 350, చిన్నవి 3,000కు పైగా ఉన్నాయని, దీని నీడలో 7,000 మంది విడిది చేయవచ్చని లెక్క చెప్పాడు. అలెగ్జాండర్ నౌకాధిపతి నియార్కస్ వర్ణించిన మర్రి ఇదేనన్న మాట కూడా ఆయన ద్వారానే వ్యాపించింది. దాన్ని నేను నమ్మను. అలెగ్జాండర్ సేన పంజాబు నుంచి సింధునది వెంట దిగి వెనక్కి మళ్లింది, నర్మద దరిదాపులకు రాలేదు. అయితే ఆ సేనతో వచ్చినవాళ్లు చెప్పిన వింతల్లో మర్రి ఉన్న మాట నిజం. కొమ్మల నుంచి వేళ్లు దింపే భారతదేశపు అంజూరం గురించి గ్రీకు పండితుడు థియోఫ్రాస్టస్ అప్పట్లోనే రాశాడు.

చూడకుండా రాసినవాళ్ల దగ్గర మర్రి రూపం మారిపోయింది. ఇంగ్లీషు కవి మిల్టన్ 1667లో వెలువడిన తన కావ్యంలో మలబారులో, దక్కనులో పెరిగే ఈ చెట్టును తలచి, దాని ఆకులు డాలంత వెడల్పన్నాడు. దక్కను వాడిగా ఆ పేరు అక్కడ చదివినప్పుడు నాకు సంతోషం వేసింది. కాళ్ల దగ్గర రాలిన ఆకును ఏరి చూశాను, నా అరచేతి కంటే కాస్త పెద్దది. దీనితో కుట్టిన విస్తట్లో అన్నం తిన్నవాడికి దాని కొలత వేరే చెప్పనక్కరలేదు.

లోపల నడుస్తూ మూలమాను ఏదని పడవాయనను అడిగాను. గుడి దగ్గరిదే మొదటిదంటారని, తన తాత మాత్రం అది ఎప్పుడో నదిలో కలిసిందని చెప్పేవాడని అన్నాడు. హౌరా వృక్షోద్యానంలోని మహావటానికి కూడా పుట్టిన మొదలు లేదు, తెగులు పట్టడంతో 1925లో తీసేశారు. చెట్టు మాత్రం ఊడల మీద పెరుగుతూనే ఉంది. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి పేరే ఈ సంగతి చెబుతుంది, తల్లిమాను చుట్టూ పిల్లలు లేచి నిలబడ్డ మర్రి అది. చెదలు పట్టి కొమ్మలు విరిగినప్పుడు 2018లో దానికి ఆస్పత్రిలో రోగికి ఎక్కించినట్టు సీసాలతో మందు ఎక్కించారు. ఆ సీసాలు వేలాడుతున్న ఫొటోలు పత్రికల్లో చూసి బెంగపడ్డ పాలమూరు వాళ్లు నాకు తెలుసు. అదే పేరుతో సూర్యాపేట దగ్గర ఊరుంది. పిల్లలమర్రి పినవీరభద్రుడి ఇంటిపేరూ అదే. చెట్టు, ఊరు, కవి, ముగ్గురిదీ ఒకే పేరు.

వడోదరా దాకా బస్సులో వెళ్లాను. ఆ ఊరి పేరు 'వటోదరం' నుంచి వచ్చిందంటారు, మర్రి కడుపు అని. 812 నాటి రాగిరేకులో అది 'వడపద్రకం', మర్రుల పల్లె. అప్పటికి పక్కనున్న 'అంకోట్టకం' అనే పట్టణానికి అనుబంధ గ్రామం మాత్రమే. అంకోట్టకం అన్న పేరు కూడా చెట్టుదేనని చెబుతారు. అంకోలం అంటే మన ఊడుగ చెట్టు. విశ్వామిత్రి నది వరదలకు జనం అటు నుంచి ఇటు తరలగా, ఊడుగ పేరున్న పట్టణం తగ్గి మర్రి పేరున్న పల్లె నగరమైంది. ఇప్పుడు అంకోట్టకం అకోటా అనే పేట. తెల్లవాళ్లు బరోడా అని పలికినన్నాళ్లూ మర్రి ఆ పేరులో మరుగునపడి ఉంది.

అకోటాలో దొరికిన జైన కంచు విగ్రహాలు సయాజీబాగ్‌లోని మ్యూజియంలో ఉన్నాయి. వాటిలో ఋషభనాథుడు నిలబడి ఉన్నాడు. గుప్తుల కాలపు పనితనం, కాళ్లూ చేతులూ దెబ్బతిన్నా ముఖంలో ప్రసన్నత చెదరలేదు. సముద్రం దాటిన వాణియాల్లో జైనులూ ఉన్నారు, వాళ్ల మొదటి తీర్థంకరుడు ఈయన. జైన సంప్రదాయం ప్రకారం ఈయనకు కేవలజ్ఞానం కలిగింది న్యగ్రోధం కింద. గొంబ్రూన్ ఒడ్డున వాణియాలను చూసి మర్రికి వాళ్ల పేరు పెట్టిన పరదేశులకు ఈ కథ తెలిసి ఉండదు. మర్రితో ఆ వర్తకుల అనుబంధం, వాళ్లు సముద్రం ఎక్కడానికి ఎన్నో తరాల ముందే, ఇక్కడి ఊళ్లలో మొదలై ఉంది.